గడపకు పసుపు

జకర్యాకు ఇళ్లంటే ప్రాణం. ఆ ఇళ్లలో మనుషులుంటేనే కాస్త చిరాకు. మనుషులన్నాక గోడకు మేకు కొడతారు, స్తంభానికి మేకను కడతారు, పొయ్యి పొగతో దూలాలు నల్లబరుస్తారు. అందుకే బొల్లారం అవతల సర్కారువారి ఐదెకరాల తోటలో ఆయన కట్టించిన ఇళ్లలో ఒక్క ప్రాణి కూడా ఉండడానికి వీల్లేదు. ఒక గోండు ఇల్లు, ఒక కోయ ఇల్లు, గుండ్రటి చెంచు గుడిసె, లంబాడీల ఇల్లొకటి, వీటన్నిటికీ నడుమ పెద్దన్నలాగా ఒక భవంతి. మెదక్ వైపు దొరలు ఉండే ఇల్లది. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశం కనబడే వాకిలి, లోపల చీకటి గదులు, అక్కడి మాటలో అర్రలు. నైజాం రాజ్యంలో ఎవరెవరు ఎట్లాంటి కప్పుకింద బతుకుతున్నారో పట్నంవాళ్లు వచ్చి చూసిపోవాలని ఈ ఏర్పాటు. జనం మాత్రం దాన్ని బొమ్మరిండ్ల తోట అనేవాళ్లు. ఆ మాట వింటే జకర్యాకు ఒళ్లు మండేది.

ఆయన పుట్టింది గుంటూరు పక్క. సికిందరాబాదు మిషన్ బడిలో డ్రాయింగు మేష్టారుగా చేరి, ఆపైన సర్కారు కొలువులోకి ఓవర్సీరుగా మారి, కొలతల టేపు భుజాన వేసుకుని ఆదిలాబాదు అడవుల నుంచి అమ్రాబాదు గుట్టలదాకా తిరిగాడు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ గంజో అంబలో పోసి కడుపు నింపారు. వాళ్ల పేర్లు ఆయనకిప్పుడు ఒక్కటీ గుర్తులేవు. వాళ్ల దూలాల పొడవు మాత్రం అంగుళాలతో సహా చెప్పగలడు.

ప్రతి ఇంటిముందూ మూడు భాషల్లో ఒక బోర్డు ఉండేది. తెలుగు వరస ఆయన స్వహస్తంతో రాసింది. "ఇది చూచుటకు మాత్రమే. ఇందులో ఎవరును నివసించరు." అలసిపోయిన ముసలమ్మ అరుగుమీద కూర్చున్నా బోర్డు చూపించి లేపేసేవాడు. తాను మాత్రం బూట్లతోనే లోపలికి వెళ్లేవాడు. ఎవరూ ఉండని ఇంట్లో బూట్లు విప్పడం దేనికని ఆయన వాదం. ఆ బూట్ల అచ్చులు మీద పడిన నేలను మళ్లీ అలికేది బాలమ్మ.

ఐదిళ్లకూ పేడా ఎర్రమన్నూ కలిపి అలకడం, గోడలకు సున్నం పూయడం బాలమ్మ పని. నలభై ఏళ్లుంటాయి. మొగుడు బొగ్గుబావి పనికని పోయి మూడేళ్లైంది, ఇంకా తిరిగిరాలేదు. మాట తక్కువ, పని ఎక్కువ. ఈమధ్య రెండు నెలలుగా మరీ బుద్ధిగా చేస్తోంది. జకర్యా పద్మారావు నగర్ నుంచి సైకిలు తొక్కుకుంటూ ఎంత పొద్దున్నే వచ్చినా అప్పటికే తోటలో ఉంటుంది. సాయంత్రం ఆయన వెళ్లేటప్పుడూ ఉంటుంది.

"ఆమెను చూసి నేర్చుకోవాలి," అని ఇంటికెళ్లి భార్య కాంతమణి దగ్గర మెచ్చుకున్నాడు కూడా.

"ఇంట్లో ఎవరూ లేరా ఆమెకు?" అందామె.

"నేనెప్పుడూ అడగలేదు," అన్నాడు జకర్యా.

ఆ రెండు నెలల్లోనే భవంతి గడపకు పసుపు కూడా వచ్చింది. అలికిన రోజు గడపకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వాకిట్లో ముగ్గు వేస్తోంది బాలమ్మ. జకర్యా చర్చిలో పెద్ద. ఇంట్లో పసుపూ కుంకుమా ఎరగడు. అయినా చూసి, అచ్చం ఊళ్లో ఇల్లులాగే ఉంది, వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు అనుకుని ఊరుకున్నాడు. గాడిదకేం తెలుసు గంధపుచెక్క వాసన అంటారు. రాజ్యంలో ఉన్న ఇళ్లన్నీ కొలిచినవాడికి గడపకు పసుపు ఎప్పుడు పూస్తారో తెలియదు.

*

నలభై ఎనిమిదో సంవత్సరం సెప్టెంబరు తొమ్మిది, గురువారం మిట్టమధ్యాహ్నం, కప్పుగడ్డి బండి మీద సదాశివ వచ్చాడు. భవంతి తలుపులకు లతలు చెక్కిన వడ్రంగి అతనే. గడ్డిమోపుల కిందనుంచి లేచి నిలబడితే జకర్యా మొదట గుర్తుపట్టలేదు. పంద్రాగస్టునాడు ఊరి చావడి మీద మూడురంగుల జెండా ఎగరేశాడట. అన్నను రజాకార్లు కాల్చేశారు. ఇరవై రోజులుగా ఇతను జొన్నచేలల్లో పడి తిరుగుతున్నాడు.

"నాలుగు దినాలు దాచిపెట్టు సారూ. దొరికినా నీ పేరు తియ్య," అన్నాడు.

జకర్యా ధైర్యస్తుడేమీ కాదు. దొరికితే సదాశివను ఇదే గోడకు నిలబెట్టి కాలుస్తారు, దాచినవాణ్ణీ వదలరు. అది తెలిసీ అతణ్ణి భవంతిలోకి తీసుకెళ్లాడు. పడమటి వసారా చివర ధాన్యం పోసే గుమ్మి ఉంది. వెదురు అల్లి, లోపలా బయటా పేడతో మెత్తిన మనిషెత్తు బుట్ట అది. పైన మూత, వెనక అడుగున ధాన్యం తీసే చిల్లి, దానికి కుక్కిన గుడ్డ. బొమ్మ ఇల్లు గనక ఖాళీ. పగలంతా అందులో కూర్చోవడం, జనం పోయాక బయటికి రావడం. కాంతమణి డబ్బాలో రెండు రొట్టెలు ఎక్కువ పెట్టేది, ఎందుకని అడగలేదు.

బాలమ్మకు సంగతి తెలియదనే జకర్యా నమ్మకం. ఆమె ఆ వసారావైపు చూడను కూడా చూడలేదు మరి.

సోమవారం తెల్లవారింది మొదలు గాలే మారిపోయింది. షోలాపూరు రోడ్డున యూనియన్ సైన్యం లోపలికి వచ్చేసిందని ఒకరు, లేదని ఒకరు. బేగంపేట దిక్కున విమానం చప్పుడు వినిపిస్తే రోడ్డు మీద జనం తలలు పైకెత్తి నిలబడిపోయారు. జకర్యా ఎదురుగాలికి సైకిలు తొక్కి, చెమటలు కక్కుతూ తోటకు చేరేసరికి భవంతి మొత్తం తడితడిగా, పచ్చి పేడవాసనతో ఉంది. నేల అలికింది. గోడ అడుగులు అలికింది. పడమటి వసారాలోకి వెళ్లి చూసి నిలబడిపోయాడు. గుమ్మిని కూడా అలికింది. మూత చుట్టూ సందు లేకుండా పేడమట్టితో మెత్తేసింది, కొత్తపంట పోసి మూసినట్టు.

బాలమ్మ బకెట్టులో చేతులు కడుక్కుంటూ తలెత్తకుండా అంది: "పొద్దుగాల్నుంచి బజార్ల ఇల్లిల్లు దేవులాడుతున్నరు సారూ. ఎనుక చిల్లిల గుడ్డ తీసిన. గాలి ఆడుతది."

జకర్యా ఏదో అనబోయేంతలో గేటు ధడాలున తెరుచుకుంది.

*

జమేదారు ఒకడు, వెంట కర్రలూ బల్లేలూ పట్టుకున్న ఖాకీ దుస్తులవాళ్లు నలుగురు. ఆ నలుగురు కుర్రాళ్ల కళ్లలో నిద్రలేదు. భయపడ్డవాడి చేతిలో కర్ర ఉంటే కోపంగా ఉన్నవాడి కంటే ప్రమాదం. జకర్యాకు ఆ సంగతి చూడగానే అర్థమైంది.

జమేదారు వయసు మళ్లినవాడు, మీసాలకు గోరింట రంగు. తొందరపడే మనిషిలా లేడు. "క్యా ఓవర్సీర్ సాబ్, ఖైరియత్?" అన్నాడు. "ఒక వడ్లపని పిలగాడు ఇటు దిక్కు వచ్చిండని ఖబర్ ఉన్నది. ఈ తలుపులు చెక్కింది వాడే అంట గద."

"నాలుగేళ్ల కిందటి మాట, జమేదార్ సాబ్. ఆ తరవాత నేనతన్ని చూడలేదు," అన్నాడు జకర్యా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే మరో మాట చేర్చాడు. "ఇక్కడెవరూ ఉండరు. బోర్డు చూడండి."

"చూసిన. బోర్డు మంచిగ రాసినవు."

వెతకడం షురూ చేశారు. చెంచు గుడిసె కప్పులో బల్లెం దించి తిప్పారు. గోండు ఇంటి తడిక ఒకటి విరిగింది. కోయ ఇంట్లో చాప ఎత్తి చూశారు, ఒకడు "ఇక్కడ చాపెందుకు?" అన్నాడు. "చూపించడానికి," అన్నాడు జకర్యా, ఆ చాప తాను పెట్టించింది కాదని తట్టకుండానే. మరో రోజైతే తడిక విరిగినందుకు ఆయన ప్రాణం గిలగిలలాడేది. ఇప్పుడు మనసంతా గుమ్మి దగ్గరే ఉంది. లోపల ఆ పిల్లవాడు దగ్గితే? తుమ్మితే? యెహోవా నా కాపరి అని లోపల్లోపల మొదలుపెట్టి, రెండో వాక్యం గుర్తురాక మళ్లీ మొదటికి వచ్చాడు.

చివరికి భవంతి దగ్గరికి వచ్చారు. తడినేల చూసి కుర్రాళ్లు ఆగారు. ఎంత ఖాకీ తొడిగినా ఇంట్లో అలికిన నేల మీద అమ్మలచేత తిట్లు తిన్నవాళ్లే. ఒక్కడు మాత్రం బూటు కాళ్లతో చరచరా లోపలికి వెళ్లి, అర్రలన్నీ తిరిగి వచ్చాడు.

"కోయీ నై. అంతా పచ్చిగున్నది. ఈ సారు బూట్ల అచ్చులే, ఇంకెవ్వని అడుగు లేదు."

జకర్యా ఊపిరి వదిలాడు. ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అనలేదు. జమేదారు వెనక్కి తిరగలేదు. గడప దగ్గర గొంతుక్కూర్చుని పసుపును చూస్తున్నాడు.

"ఇది ఎవరు పెట్టిన్రు?"

"అదా... అలికే మనిషి. చూసేవాళ్లకు అందంగా ఉంటుందని."

"మా అమ్మ ఊరు జోగిపేట పక్కకు, ఓవర్సీర్ సాబ్. మా చుట్టుపక్కల అంతా హిందువులే. చిన్నప్పుడు వాళ్ల గడపలు దాటుకుంటనే పెరిగిన." జమేదారు బొటనవేలి గోటితో గడప మూల గీకాడు. పచ్చటి పెళ్ల ఊడి చేతిలోకి వచ్చింది. "మనిషి లేని ఇంటి గడపకు ఎవ్వరూ పసుపు పెట్టరు. పాడుబడ్డ ఇంటికి దీపం పెట్టినట్టే గద. పోయిన ఎండకాలం నా పిల్లల్ని తీస్కొని వచ్చిన ఇక్కడికి. అప్పుడు ఈ గడప ఒట్టిగుండె. ఇప్పుడు చూడు, పొర మీద పొర. ఒక్క దినంది కాదిది. ఈ ఇంట్ల ఎవరో ఉంటున్నరు."

ఆ మాటకు కర్రలు నాలుగూ ఒక్కసారే పైకి లేచాయి. ఒకడు పడమటి వసారాలోకి వెళ్లి గుమ్మిని బల్లెం కర్రతో తట్టాడు. డబ్ మంది. మళ్లీ తట్టి, చెవి ఆనించబోయాడు.

అయిపోయింది అనుకున్నాడు జకర్యా. ఈ ముదనష్టపు పసుపు ఎందుకు పూసింది ఈమె? గుమ్మి మెత్తేటంత తెలివి ఉన్నది, ఆ నాలుగు వేళ్ల పసుపు ఆపుకోలేకపోయిందా?

"నేనే ఉంటున్న సాబ్," అంది బాలమ్మ.

*

అందరూ అటు తిరిగారు. గుమ్మి దగ్గరివాడు కూడా తల తిప్పాడు.

"నా గుడిసె వానకు పోయింది. గీ ఇల్లు ఖాళీగ ఉన్నది. సారు పోయినంక వచ్చి పండుకుంటున్న. సారుకు ఎర్కలేదు. చెప్తే ఎల్లగొడ్తడని చెప్పలే."

జకర్యా లోపల ఏదో వెలిగింది. ఎంత చక్కగా అల్లింది అబద్ధం! ఇదే మాట తనకు తట్టలేదే! కానీ జమేదారు అంత తేలిగ్గా మింగే రకం కాదు. లేచి, చేతులు దులుపుకుని, ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు.

"ఎక్కడ పండుకుంటవు?"

"తూర్పు అర్రల. వాన పడ్డనాడు వసారలకు జరుగుత. మూడో దూలం కాడ కురుస్తది సాబ్, గోడ పొంటి కారుతది. గిన్నె పెట్టిన."

జమేదారు కనుసైగ చేస్తే ఒకడు తూర్పు అర్రలోకి వెళ్లాడు. ఆ ఇంటి పటం గీసినవాడు, దూలాలు లెక్కపెట్టి ఎత్తించినవాడు జకర్యా. అది కురుస్తుందని ఆయనకే తెలియదు. ఇప్పుడు చిక్కాం అనుకున్నాడు. లోపలినుంచి కేక వినిపించింది: "ఉన్నది సాబ్! మూలకు గిన్నె ఉన్నది. గోడ నానింది."

"పొయ్యి?"

"పెరట్ల, జామచెట్టు కింద. మూడు రాళ్లు. పొద్దుగాల బూడిద ఎత్తి పేడల కలుపుత, కానరాకుంట."

"సామాను?"

బాలమ్మ వసారాలోకి నడిచింది. అంత తడినేల మీద ఎక్కడ అడుగు వేయాలో కాళ్లకే తెలిసినట్టు నడిచింది. కర్రవాణ్ణి పక్కకు జరగమని, గుమ్మికీ గోడకూ నడుమ సందులో చెయ్యి దూర్చింది. ఆమె భుజం గుమ్మికి ఆనింది. చేతిలో ఒక మూటతో బయటికి వచ్చి గడప ముందు విప్పింది. రెండు చీరలు, ఒక సత్తు గిన్నె, పళ్లు విరిగిన దువ్వెన, మగవాడి తలరుమాలు, పసుపు పొట్లం.

జమేదారు ఆ రుమాలును కర్రతో ఎత్తి చూశాడు. "ఇదెవనిది?"

"నా పెనిమిటిది. బొగ్గు బాయికి పోయిండు. వస్తే గుర్తువడ్తడని ఉంచిన."

"మరి ఆ గుమ్మి మూసినవెందుకు? ఏమున్నది అండ్ల?" అన్నాడు తట్టినవాడు.

బాలమ్మ వాడివైపు తిరిగి నిదానంగా అంది: "ఇల్లన్నంక గుమ్మి మూసి ఉండాలె గద బిడ్డా. ఖాళీదైనా సరే. నాకు వడ్లెక్కడివి? దొరసాని లెక్క ఉన్నననుకున్న, గంతే."

ముందు జమేదారే నవ్వాడు. తరవాత నలుగురూ నవ్వారు. దొర ఇంటి గడప తొక్కితే కాళ్లు విరగ్గొట్టే కులపు మనిషి, దొర అర్రలో పడుకుని, ఖాళీ గుమ్మి మూసుకుని దొరసాని ఆట ఆడుకుంటోందట! వాళ్లకది ఎంత నచ్చిందంటే, తెల్లారినప్పటినుంచి మొహాల్లో ఉన్న భయం కాసేపు పోయింది. బాలమ్మ నవ్వలేదు.

"ఓవర్సీర్ సాబ్," అన్నాడు జమేదారు నవ్వు ఆపుకుని. "నీకు తెల్వకుంట సర్కారు ఇంట్ల సంసారం పెట్టింది. నా ముందటనే ఎల్లగొట్టు. లేకుంటే నువ్వే పెట్టుకున్నవనుకుంట, మళ్ల మొదటినుంచి అడుగుత."

జకర్యా మూట అందుకుని గేటువైపు విసిరాడు. సత్తు గిన్నె దొర్లుకుంటూ పోయి రాయికి తగిలి సొట్టపడింది. ఆపైన నోరు తెరిచాడు. మాటలు వెతుక్కోవలసి వస్తుందనుకున్నాడు గానీ, అవే తోసుకువచ్చాయి.

"సిగ్గులేదూ నీకు? కూలి ఇచ్చి నమ్మినందుకు తిన్నింటి వాసాలు లెక్కపెడతావా? నీలాంటి వాళ్లు పొర్లడానికా నేనీ ఇల్లు కట్టించింది? ఎనిమిదేళ్లు కష్టపడ్డాను! కంపు చేసి పెట్టావు! మళ్లీ ఈ గేటులో కాలు పెట్టావంటే పోలీసులకు పట్టిస్తాను. ఫో!"

తిన్నింటి వాసాలు జీవితమంతా టేపు పెట్టి లెక్కపెట్టింది ఎవరో ఆ క్షణంలో ఆయనకు గుర్తురాలేదు. గొంతు వణికింది. అది నటన వల్ల కాదు. ఎవరో తన ఇంట్లో పొయ్యి పెట్టారన్న ఊహకే నిజంగా ఒళ్లు మండింది. ఆ మంట తనకే తెలిసి, ఒక మూల సిగ్గేసింది. అయినా అరుస్తూనే ఉన్నాడు.

బాలమ్మ చీరలు ఏరుకుంది. గిన్నె ఏరుకుంది. చెదిరిన పసుపును మాత్రం మట్టిలోనే వదిలేసి, వెనక్కి చూడకుండా గేటు దాటింది. ఖాకీవాళ్లు ఆమె వెనకే వెళ్లిపోయారు. జకర్యా అరుగుమీద కూలబడ్డాడు. అరగంట తరవాతే వెళ్లి, గుమ్మి మూత చుట్టూ మెత్తిన మట్టి పెళ్లగించాడు.

*

శుక్రవారం సాయంత్రం లడాయి అయిపోయిందని రేడియోలో చెప్పారు. శనివారం పొద్దున సికిందరాబాదు రోడ్ల మీద యూనియన్ లారీలు, పూలదండలు, జైకొట్టే గొంతులు. మూసుకున్న తలుపులూ చాలానే ఉన్నాయి, వాటి వెనక ఇప్పుడు వేరేవాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సదాశివ గుమ్మిలోంచి ఆఖరుసారి బయటికి వచ్చి, వంగిపోయిన నడుం చేత్తో పట్టుకుని జకర్యా కాళ్లకు మొక్కబోయాడు.

"నాకెందుకయ్యా, దేవుడికి మొక్కు," అన్నాడు జకర్యా.

"బాలమ్మకు సుత నా దండం చెప్పు సారూ. మొదటి మూడు నాలుగు రాత్రులు ఆమె జొన్న గటక తెచ్చియ్యకపోతే ఆకలికి సచ్చేటోణ్ణి. తర్వాత రానేలేదు."

"రాత్రులా? రాత్రిపూట ఆమె ఇక్కడెందుకుంటుంది?"

"ఏమో సారూ. చీకటి పడంగనే వచ్చేది. నేను లోపల పండుకుంటే, కోయ ఇంట్లకు పోయి పండుకునేది."

కోయ ఇంట్లోని చాప జకర్యాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏదో ముల్లు గుచ్చుకున్నట్టైంది. సదాశివ ఊరి దారి పట్టాక సైకిలెక్కి బొల్లారం బజారుకు పోయి, వాగు ఒడ్డు గుడిసెల్లో బాలమ్మ ఎక్కడుంటుందని అడిగాడు. పేలాలు అమ్ముకునే కమలాబాయి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"బాలమ్మ గుడిసె ఆషాఢంల వాగుకు కొట్టుకపోయింది గద. అప్పటిసంది తోటల్నే ఉంటున్నది. పెద్ద భవంతి అంట, సారే జాగ ఇచ్చిండంట. మా సారు అసొంటోడు లేడని అందరికి చెప్పుకున్నది." ఆపి, మళ్లీ చూసింది. "ఆ సారు నువ్వే గద?"

జకర్యా సైకిలు పట్టుకుని నడిచాడు, ఎక్కే ఓపిక లేక. కురిసే దూలం నిజం. మూడు రాళ్ల పొయ్యి నిజం. తలరుమాలు నిజం. జమేదారు ముందు ఆమె ఒక్క అబద్ధమూ ఆడలేదు, అందుకే అంతటివాడికీ తప్పు దొరకలేదు. తాను పరాయివాణ్ణి తెచ్చి దాచింది ఆమె ఇంట్లో. ఆమె ఆ మాట చెప్పకుండానే తన ఇల్లు ఖాళీ చేసి ఇచ్చింది. పదేపదే ఆ గిన్నె దొర్లిన చప్పుడే చెవుల్లో మోగింది.

ఆ సాయంత్రం దాకా వెతికాడు. మార్కెట్టు, సత్రం, రెండు గుళ్ల అరుగులు. దొరకలేదు.

ఆదివారం చర్చి గంట కొట్టే వేళకు కాంతమణి తెల్లచీర కట్టుకుని గుమ్మంలో నిలబడితే, "నువ్వు వెళ్లు," అని సైకిలు తోటవైపు తిప్పాడు. పన్నెండేళ్లలో ఆరాధన తప్పడం అదే మొదలు.

గేటు పక్కన గోడ నీడలో బాలమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో మూట, పక్కన అప్పుడే ఎత్తిన పేడ గంప. ఆయన్ని చూసి లేచి నిలబడింది.

"పనికి రావాల్నా, వద్దా సారూ? అడిగి పోదామని వచ్చిన."

"ఎక్కడున్నావమ్మా ఇన్నాళ్లూ?"

"టేషన్ల. శానమంది ఉన్నరు ఆడ."

జకర్యా దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నిలబడలేదు. "బాలమ్మా, ఆవేళ నేనన్న మాటలు... ఆ జమేదారు నమ్మాలని..."

"లే సారూ. నిజంగనే తిట్టినవు." కోపం లేకుండానే అంది, ఎండ ఎక్కువుందన్నంత మామూలుగా. "ఉత్తగ తిడితే గంత మంచిగ రాదు. నువ్వు నిజంగ తిట్టినవు గనకనే వాడు నమ్మిండు. పిలగాడు బతికిండు. పోనియ్యి."

జకర్యా ఏడ్చాడు. చర్చిపెద్ద, సర్కారు ఓవర్సీరు, నడిరోడ్డు పక్కన నిలబడి తెల్ల రుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆమె పేడ గంపవైపు చూస్తూ ఉండిపోయింది. పెద్దమనిషి ఏడుస్తుంటే చూడకూడదని కాబోలు.

తరవాత ఆయన తిన్నగా భవంతి దగ్గరికి వెళ్లి, ముందున్న బోర్డును రెండు చేతులా పట్టుకుని పీకబోయాడు.

"దాన్ని ఉండనీ సారూ," అంది బాలమ్మ వెనకనుంచి. "బోర్డు ఉంటే ఎవరు లోపలికి చూడరు. నాకు గదే మంచిది. కొత్త సర్కారోళ్లు వస్తరు గద."

బోర్డు వదిలేశాడు. ఆమె పని మొదలుపెట్టింది. ఖాకీవాళ్ల బూటు అచ్చులు అప్పటికి ఎండి గట్టిపడ్డాయి, వాటి పక్కన జకర్యావి. అన్నిటినీ నీళ్లు చల్లి మెత్తబరిచి, లోపలి గోడ నుంచి మొదలుపెట్టి, చేత్తో అర్ధచంద్రాలు తీసుకుంటూ, వెనక్కి జరుగుతూ గడపదాకా అలికింది. చెంగు ముడి విప్పి పసుపు తీసింది. జమేదారు గీకిన మూలకు రెండు వేళ్లు ఎక్కువ పూసి, ఐదు బొట్లు పెట్టి, ముగ్గు వేసింది. జకర్యా అరుగు కింద నిలబడి, ఎనిమిదేళ్లుగా తనదనుకున్న ఇంటిని చూస్తున్నాడు.

కాసేపటికి వంగి, బూట్ల ముడులు విప్పాడు. మేజోళ్లు కూడా తీశాడు. తెల్లటి పాదాలతో గడప ముందుకు వచ్చి ఆగాడు.

"లోపలికి రావచ్చునా, బాలమ్మా?"

బాలమ్మ చెయ్యి కడుక్కుంటూ నేలవైపు చూసింది, ఆయన పాదాలవైపు చూసింది.

"జెర ఆగు సారూ," అంది. "ఇంక తడి ఆరలే."

జకర్యా బూట్లు చేత్తో పట్టుకుని బయటే నిలబడ్డాడు.